పుట్టిన బిడ్డ కన్నులు : డాక్టరు క్రెడే జీవితము

(ధ్యానమునకు వాక్యభాగము : యోహాను సువార్త 9వ అధ్యాయము)



యెరూషలేములో ఒక పుట్టు గ్రుడ్డివాడు దారిప్రక్కను కూర్చుండి బిచ్చమెత్తుకొనుచుండెను. ప్రభువును శిష్యులును ఆ త్రోవను వచ్చుచుండిరి. వానిని చూడగానే శిష్యులకు జాలి పుట్టలేదు, ప్రశ్న పుట్టినది. ఈ కీడునకు కారణమైన పాపము వీనిదా, వీని కన్నవారిదా అని వారు తెలిసికొనగోరిరి. ప్రభువు ఆ రెంటిలో దేనిని ఒప్పుకొనలేదు. మన్ను తడిపి వాని కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పోయి కడుగుకొమ్మని పంపెను. శిష్యులు తప్పు ఎవరిదని వెదకుచుండగా ఆయన చేయవలసిన పని చూచెను.

ఆ ప్రశ్న మన పల్లెలను ఇంకను విడిచిపోలేదు. బిడ్డ కన్ను పోయినదనగానే, గ్రహణమునాడు తల్లి బయట తిరిగినదేమో, ఎవరి దిష్టి తగిలినదో, ఏ తరమువారు చేసిన పాపమో అని ఇరుగు పొరుగు విచారణకు కూర్చుండును. తిరిగి తిరిగి ఆ మాట ఎక్కువగా తల్లి నెత్తిమీదనే వచ్చి పడును. నూట నలుబది సంవత్సరములకు పైబడిన కాలములో జర్మనీ దేశమందు ఒక వైద్యుడు ఈ విచారణను ప్రక్కకు నెట్టి, పుట్టిన ప్రతి బిడ్డ కంటిలో ఒక్క చుక్క మందు వేయించెను. ఆయన పేరు కార్ల్ క్రెడే. ఈయన బోధకుడు కాడు, మిషనెరీయు కాడు. అయినను కాన్పు పని నేర్చుకొను నర్సులలోను, కంటి వైద్యులలోను ఆయన పేరు వినని వారు అరుదు. ఆయన సంగతి మన సంఘములవారు కూడ ఎరుగుట మంచిదని ఈ మాసము వ్రాయుచున్నాము.

కార్ల్ సీగ్మండ్ ఫ్రాంజ్ క్రెడే 1819వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన, క్రిస్మసు పండుగకు రెండు దినములు ముందుగా, బెర్లిను నగరమందు జన్మించెను. బెర్లినులోను హైడెల్బర్గులోను వైద్యవిద్య నభ్యసించి 1842లో డాక్టరు పట్టమునొందెను. తరువాత బెర్లిను కాన్పు ఆసుపత్రిలో కొన్ని సంవత్సరములు సహాయ వైద్యుడుగా పనిచేసెను. 1852లో ఆ నగరపు షారిటే ఆసుపత్రిలోని మంత్రసానుల పాఠశాల ఆయన చేతిక్రిందికి వచ్చినది. షారిటే అనునది ఫ్రెంచి మాట. దానికి దానధర్మము, ప్రేమ అని అర్థము. ఆ ఆసుపత్రి నేటికిని ఆ పేరుతోనే నడచుచున్నది.

మంత్రసానులకు పాఠము చెప్పుటవలన ఆయనకు ఒక సంగతి బాగుగా తెలిసియుండవలెను. ఎంత గొప్ప వైద్యమైనను, పది కాన్పులు చూచి అలసిన స్త్రీ అర్ధరాత్రి దీపపు వెలుతురులో చేయదగినంత సులువుగా లేకపోయినచో, అది పుస్తకములోనే నిలిచిపోవును. ఆయన చేసిన పనులన్నిటిలో ఈ సులువు కనబడుచున్నది. బిడ్డ పుట్టిన తరువాత మాయ పడనప్పుడు ఆ కాలపు వైద్యులు గర్భములోనికి చేయి పెట్టి తీసెడివారు. చేతితోపాటు రోగమును లోపలికి పోయి తల్లులు బాలింత జ్వరముతో చనిపోవుచుండిరి. క్రెడే చేయి లోపల పెట్టనక్కరలేకుండ, పొత్తికడుపు మీదినుండి గర్భమును పట్టి నొక్కి మాయను వెలుపలికి తెచ్చు పద్ధతిని ఏర్పరచెను. ఇప్పుడు అంతకంటె మేలైన పద్ధతులు వచ్చియున్నవి గాని, ఆ దినములలో అది అనేకమంది తల్లుల ప్రాణములు కాచినది.

1856లో ఆయనను లైప్జిగు విశ్వవిద్యాలయమువారు ఆచార్యుడుగాను, అచ్చటి కాన్పు ఆసుపత్రికి పెద్దగాను పిలిచిరి. మార్టిన్ లూథరుగారు 1519లో ఎక్ పండితునితో వాదించిన పట్టణము అదియే. క్రెడే తన శేషజీవితమంతయు అచ్చటనే గడపెను.

ఆ కాలమందు ఐరోపాలో కలిగిన ఇండ్ల స్త్రీలు కాన్పునకు ఆసుపత్రికి వచ్చెడివారు కారు. మంత్రసాని వారి ఇంటికే పోయెడిది. ఆసుపత్రికి వచ్చువారు పనిమనుష్యులు, కూలివారు, పెండ్లి కాకుండ గర్భవతులై ఇంటినుండి వెళ్లగొట్టబడినవారు. వెళ్లుటకు మరియొక చోటు లేనివారు అనవలెను. అటువంటి తల్లులకు పుట్టిన బిడ్డలమీదికి ఒక ఘోరమైన కంటిరోగము వచ్చుచుండెను.

పుట్టినప్పుడు బిడ్డ కన్నులు చక్కగానే యుండును. రెండవ దినముననో మూడవ దినముననో రెప్పలు ఎఱ్ఱబారి, ఉబ్బి, రెండును అంటుకొనిపోవును. వాటిని విడదీసినచో పసుపుపచ్చని చీము చిప్పిల్లును. రెప్పల వెనుక నిలిచిన ఆ చీము నల్లగ్రుడ్డును తినివేయును. కొన్ని దినములలోనే నల్లగ్రుడ్డు మీద పుండుపడి, చిల్లుపడి, కన్ను కారిపోవును. లేదా తెల్లని పువ్వు వేసి జీవితాంతము నిలిచిపోవును. బిడ్డ తల్లి ముఖమును సరిగా చూడకమునుపే చీకటిలో పడును. తెలియనివారు వానిని పుట్టు గ్రుడ్డి అందురు. నిజమునకు వాడు చూపుతోనే పుట్టినాడు, మొదటి వారములోనే దానిని పోగొట్టుకొన్నాడు.

ఈ రోగము ఒక్క బిడ్డతో ఆగదు. వానిని కడిగిన స్పాంజితో ప్రక్క బిడ్డను కడిగినచో వానికిని వచ్చును. రెప్పలు విప్పినప్పుడు చీము ఎగిరి కంటిలో పడి తమ చూపు పోగొట్టుకొన్న నర్సులును వైద్యులును కలరు. క్రెడే పెద్దగా నుండిన ఆసుపత్రిలోనే 1874వ సంవత్సరమున పుట్టిన బిడ్డలలో నూటికి పదముగ్గురికి పైగా ఈ జబ్బు తగిలినది. తరువాతి సంవత్సరములలో నూటికి ఎనిమిది తొమ్మిదికి దిగినది గాని, అంతకు దిగలేదు. ఐరోపాలోని గ్రుడ్డివారి పాఠశాలలలో చదువు పిల్లలలో ఇంచుమించు మూడవ వంతు మంది ఈ ఒక్క రోగముచేతనే అక్కడికి వచ్చినవారు.

దీనికి కారణమేమి? చలిగాలి అని కొందరు, వెలుతురు గట్టిగా తగులుటవలన అని కొందరు చెప్పుచు వచ్చిరి. తల్లికి సెగరోగమున్నచో కాన్పు సమయమున ఆ చీము బిడ్డ కంటిలో పడుటవలన ఇది వచ్చునని చాలమంది వైద్యులు అప్పటికే గ్రహించియుండిరి. 1879లో బ్రెస్లౌ పట్టణమందు ఆల్బర్ట్ నైసర్ అను ఇరువది నాలుగేండ్ల యువ వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఆ రోగపు క్రిమిని కనిపెట్టి, అట్టి బిడ్డల కంటి చీములో కూడ అదే యున్నదని చూపెను.

ఇట్టి మాట మన పత్రికలో వ్రాయవలసి వచ్చినందుకు కొందరు పెద్దలు కినియవచ్చును. కాని దాచుటవలననే పసికన్నులు పోయినవి. అనేక కుటుంబములలో ఈ రోగమును భర్త వెలుపలినుండి తెచ్చును. స్త్రీలో అది తరచుగా ఏ నొప్పియు ఏ గుర్తును లేక నిలిచియుండును. తన శరీరములో ఏమున్నదో ఆమెకే తెలియదు. నింద మాత్రము ఆమెకు తెలియును.

క్రెడే మొదట తల్లులను శుద్ధిచేయ పూనుకొనెను. రోగమున్నదని తోచిన స్త్రీలకు కాన్పుకు ముందు మందునీళ్లతో కడుగు ఏర్పాటు చేసెను. జబ్బు కొంత తగ్గినది గాని పోలేదు. అప్పుడాయన ఆలోచన తల్లినుండి బిడ్డ కంటికి మరలినది. 1879 అక్టోబరులో రోగపు తల్లుల బిడ్డలకు పుట్టిన వెంటనే వెలిగారము కలిపిన నీటిచుక్కలు కన్నులలో వేయించెను. అవి చాలలేదు. డిసెంబరు మాసములో దానిని మాని సిల్వర్ నైట్రేట్ అను వెండి లవణమును పట్టెను. అది క్రొత్త మందు కాదు. చర్మమునకు తగిలిన నల్లని మచ్చ చేయు ఈ ఘాటైన మందును కంటి వైద్యులు ముందునుండియు వాడుచుండిరి. అయితే కన్నులు చెడిన తరువాత వాడిరి. కన్నులు బాగున్నప్పుడే దానిని వాడవలెనను తలంపు క్రెడేకు కలిగినది. ఆయన గొప్పతనమంతయు ఆ కొలది దినముల తేడాలో నున్నది.

ఆ మందు వేసిన బిడ్డల కన్నులు నిలిచినవి. కాని వెంటనే మరియొకటి బయటపడినది. రోగపు తల్లుల బిడ్డలు మందువలన బాగుండగా, ఏ రోగమును లేదని మందు వేయక విడిచిన తల్లుల బిడ్డలకు కన్నులు వాచుచుండెను! వైద్యుడు తల్లిని చూచి, ఈమె మంచిది, ఈమె కాదు అని వేసిన లెక్క తప్పిపోవుచున్నదన్నమాట. ఆ లెక్క వేయుట తనవలన గాని మరెవరివలన గాని కాదని క్రెడే గ్రహించెను. 1880 జూన్ 1వ తేదీ మొదలుకొని ఆ ఆసుపత్రిలో ఏ తల్లిని ప్రశ్నింపక, ఏ బిడ్డను విడువక, అందరి కన్నులలోను చుక్క వేయవలెనని నియమము చేసెను.

ఈ నియమముచేత ఒక పనితో రెండు మేలులు కలిగినవి. తెలియని రోగము తప్పించుకొనిపోవుటకు సందు లేకపోయినది. అందరి బిడ్డలకు వేయుచున్నారు గనుక, నీ బిడ్డకు ఎందుకు వేసిరి అని ఏ తల్లిని ఎవరును అడుగలేకపోయిరి. రెండవ మేలును ఆయన కోరి చేసెనో, కోరకయే కలిగెనో చెప్పుట మన పని కాదు. కలిగిన మాట వాస్తవము. నాకు తోచినంతమట్టుకు, లైప్జిగు ఆసుపత్రిలో పేద తల్లులకు దొరికిన మర్యాద అందులో నున్నది.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. బొడ్డు కోసి బిడ్డకు నీళ్లు పోసిన తరువాత, శుభ్రమైన గుడ్డతో కన్నుల పైభాగమును తుడువవలెను. ఇందుకు స్నానపు నీరు పనికిరాదు, వేరే మంచి నీరు కావలెను. ఇది చిన్న సంగతి వలె కనబడును గాని మూలమంతయు ఇందులోనే యున్నది. బిడ్డ ఒంటినుండి వదలిన మలినమంతయు స్నానపు నీటిలో చేరును. దానితోనే కన్ను కడిగినచో మనచేతులతోనే రోగమును కంటిలో పెట్టినట్లగును. తరువాత రెప్పలను మెల్లగా విప్పి, కొన గుండ్రముగా నున్న సన్నని గాజు పుల్లతో మందు తీసి, ఒక్కొక్క కంటిలో ఒక్కొక్క చుక్క విడువవలెను. ఏబది పాళ్లకు ఒక పాలు మందు. మొదట వాడిన దానికంటె పలుచన. రెండవ చుక్క వద్దు. మరల మరల వేయుట వద్దు. పని ఒక నిమిషములో తీరిపోవును. ఎవరికైనను ఒక్క పూటలో నేర్పవచ్చును.

ఫలితము చూడుడి. 1880లో మొదటి ఐదు నెలలలో పద్నాలుగురు బిడ్డలకు కన్నులు చెడినవి. జూన్ మొదలుకొని డిసెంబరు ఆరంభము వరకు రెండువందల మంది పుట్టగా, జబ్బుపడినది ఒక్క బిడ్డ. ఆ ఒక్క బిడ్డ కంటిలో చుక్క వేయలేదు.

క్రెడే 1881లో ఈ సంగతులను ఒక వైద్య పత్రికలో ప్రకటించెను. అది ఆయనయు మరియొకరును కలిసి 1870లో స్థాపించిన పత్రికయే. వ్యాసము నాలుగు పుటలకు మించలేదు. తరువాత మరికొన్ని లెక్కలు కూర్చి 1884లో చిన్న పుస్తకముగా అచ్చువేసెను. ఇతర ఆసుపత్రులవారును చేసి చూచిరి. నూటికి పదిమందికి వచ్చుచుండిన జబ్బు వెయ్యికి ఇద్దరు ముగ్గురికి దిగినది. జర్మనీనుండి ఐరోపాలోని ఇతర దేశములకును, అమెరికాకును ఆ చుక్క ప్రయాణము చేసినది.

ఎదురు మాటలు లేకపోలేదు. ఆ మందు ఘాటైనది. వేసినప్పుడు అనేకమంది బిడ్డల కన్నులు ఒకటి రెండు దినములు ఎఱ్ఱబారి నీరు కారును. బాగున్న కంటిని ఎందుకు నొప్పింపవలెనని కొందరనిరి. మూత సరిగా లేని సీసాలో నీరు ఆవిరియైపోయి మందు చిక్కబడినచో, కాపాడవలసిన మందే కంటిని కాల్చును. అట్టి కీడులు కొన్ని జరిగినవి. కావున తరువాత నూటికి ఒక పాలు చేసి, వెలుతురు తగులని నల్లని సీసాలలో నుంచిరి. ఇట్టి మందును మంత్రసాని చేతికియ్యవచ్చునా అను తర్కము చాల కాలము సాగినది. ఇండ్లలో కాన్పులు చేయునది మంత్రసానియే గనుక, ఆమె చేతికియ్యక బిడ్డలను కాపాడు దారి లేదు. మంత్రసానులకు పాఠము చెప్పిన క్రెడేకు ఇది వేరుగా ఎవరును చెప్పవలసిన పని లేకపోయినది.

ఇక్కడ మరియొకని తలంపక ముందుకు పోలేము. క్రెడేకంటె ఒక సంవత్సరము ముందు పుట్టిన సెమ్మెల్వైస్ అను హంగెరీ వైద్యుడు 1847లో వియన్నా నగరపు కాన్పు ఆసుపత్రిలో, వైద్యులు క్లోరిను నీటితో చేతులు కడుగుకొన్నచో బాలింతలు చావరని చేసి చూపెను. ఆయన మాటను పెద్దలు త్రోసివేసిరి. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయెను. క్రెడేను మాత్రము లోకము త్వరలోనే ఒప్పుకొన్నది. నడుమ వచ్చిన ముప్పది సంవత్సరములలో పాశ్చరు, లిస్టరు వంటివారు క్రిములను గూర్చి లోకమునకు బోధించియుండుట ఒక కారణము. మరియొకటి కూడ ఉన్నదని నా తలంపు. నీ చేతులే చంపుచున్నవని సెమ్మెల్వైస్ వైద్యులతో చెప్పవలసి వచ్చెను. అట్టి మాట ఎవరికి మింగుడుపడును? క్రెడే ఎవరినీ దోషిగా నిలువబెట్టనక్కరలేకపోయెను; చుక్క వేయుడని మాత్రమే చెప్పెను.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమువారు 1890లో, పసిబిడ్డ కన్నులు వాచినచో మంత్రసాని వెంటనే అధికారులకు తెలుపవలెనని చట్టము చేసిరి. చూపును వినికిడియు లేకయే లోకమంతట పేరుపొందిన హెలెన్ కెల్లరమ్మ కూడ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ సంగతిని గూర్చి స్త్రీల పత్రికలలో తెగించి వ్రాసినది. ఆమె కన్నులు పోయినది ఈ రోగమువలన కాదు; పందొమ్మిది నెలల ప్రాయమున వచ్చిన వేరొక జబ్బువలన. అయినను నివారింపదగిన గ్రుడ్డితనమును గూర్చి మర్యాదపేరిట నోరు మూసికొనుట తగదని ఆమె తలచినది.

ఇప్పటి సంగతి అడుగుదురేమో. వెండి మందును నేడు చాల దేశములలో విడిచిపెట్టిరి. దానికి లొంగని వేరొక క్రిమియు కలదు. అంతకంటె మెత్తని మందులును వచ్చినవి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ప్రకటించిన సలహాలో పుట్టిన ప్రతి బిడ్డ కంటికిని నివారణ మందు వేయుట మంచిదనియే యున్నది. టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ లేపనములు, పోవిడోన్ అయొడిన్ చుక్కలు మున్నగువాటిలో దేనినైనను వాడవచ్చునని చెప్పిరి. గర్భవతులనందరిని ముందుగానే పరీక్షించి వైద్యము చేయు కొన్ని దేశములలో ఈ చుక్కను మానిరి. మన ఆసుపత్రులలో ఏది చేయవలెనో అచ్చటి వైద్యులే చెప్పుదురు. చదివితిమి గదాయని ఏ మందునైనను ఇంటివద్ద బిడ్డ కంటిలో వేయకుడి.

శుక్లముల ఆపరేషనుకు పోయివచ్చిన పెద్దలు ఒక సంగతి జ్ఞాపకము చేసికొందురు గాక. కత్తి తగులక మునుపు కంటిలో గోధుమరంగు చుక్కలు వేసి, చుట్టును అదే మందుతో తుడుతురు. అదియు పోవిడోన్ అయొడినే. ఈ కంటిలో క్రిములున్నవా, ఆ కంటిలో లేవా అని విడదీయరు. ఆపరేషనుకు వచ్చిన ప్రతి కంటికిని వేయుదురు. క్రెడే 1880లో పెట్టిన నియమము అక్కడను నడచుచున్నది.

ఇంటిలో మనము చేయదగినవి కొన్ని కలవు. పసిబిడ్డ కంటికి కాటుక పెట్టుట, ఆముదము వేయుట, చనుబాలు పిండుట మన అమ్మమ్మల కాలమునుండి వచ్చుచున్నది. ప్రేమతోనే చేయుదురు, కాని ఆ కాటుక వ్రేలు అంతకు ముందు ఎన్ని కన్నులు తాకినదో ఎవరు లెక్కింతురు? పైట చెంగుతో ఒక కంటి పుసి తుడిచి, అదే చెంగుతో రెండవ కంటిని, ప్రక్కనున్న పెద్దపిల్లవాని ముక్కును తుడుచుట చూడని పల్లె ఏది? కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన దూదితో, ముక్కు ప్రక్కనుండి చెవివైపునకు ఒక్కసారి తుడిచి ఆ దూదిని పారవేయవలెను. రెండవ కంటికి వేరే దూది. ముందుగా చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బిడ్డను చూడవచ్చి ప్రార్థనచేసి, చెంపలు నిమిరి, కన్నులు ముద్దుపెట్టుకొను సంఘపు పెద్దలకును పాస్టరుగారికిని కూడ ఈ మాట వర్తించును.

పుట్టిన నెలలోపల బిడ్డ రెప్పలు ఉబ్బి చీము కారినచో తెల్లవారువరకు ఆగవద్దు. అదే దినమున, రాత్రియైనను సరే, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇప్పుడు దానికి మంచి మందులున్నవి. ఆలస్యమైనచో మాత్రము పోయిన నల్లగ్రుడ్డును తిరిగి తెచ్చుట కష్టము. వైద్యులు తల్లిదండ్రులనిద్దరిని పరీక్షింపవలెనన్నచో భర్త తప్పించుకొని పోరాదు. భార్యను మాత్రము పంపి తాను అరుగుమీద కూర్చుండు మగవారికి ఈ పత్రిక చదివి వినిపించుడి.

కండ్లకలక ఊరిమీదికి వచ్చినప్పుడు కూడ నియమము వేరు కాదు. ఇంటిలో ఒకే తువాలు, ఒకే తలగడ, ఒకే మందు సీసా పనికిరావు. సీసా ముక్కు రెప్పవెంట్రుకలకు తగిలినచో లోపలి మందంతయు చెడును. కంటి డాక్టరుగారు ఒక రోగిని చూచి మరియొకరిని తాకక ముందు చేతులు కడుగుకొనుచుండగా, వరుసలో నిలిచినవారు ఆలస్యమగుచున్నదని విసుగుకొందురు. ఆ ఆలస్యము మన కన్నులకొరకే.

డాక్టరు క్రెడే 1887లో ఆసుపత్రి పెద్దరికమును విడిచెను. లైప్జిగులో ఆయన పని ఆరంభించి అప్పటికి ముప్పదియొక సంవత్సరములైనది. 1892 మార్చి 14వ తేదీన, డెబ్బది రెండేండ్ల వయస్సున, ఆ పట్టణమందే కన్నుమూసెను. అప్పటికి అనేక దేశముల కాన్పు గదులలో నల్లని సీసాయు గాజు పుల్లయు చేరియుండెను. ఆయన కుమారుడు బెన్నో క్రెడే డ్రెస్డెను నగరములో శస్త్రవైద్యుడై, తండ్రి పసికన్నులకు వాడిన వెండినే గాయములు చీముపట్టకుండుటకు వాడ పూనుకొనెను.